ఇంటిల్లిపాదితో కైతెన్‌జుషికి: టోకెన్ తీసుకోవడం మొదలు బిల్లు కట్టేదాకా

జపాన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో తల్లిదండ్రులు వచ్చినప్పుడు, లేదా పిల్లలను వెంటబెట్టుకుని సెలవుల్లో ఆ దేశం చూడబోయినప్పుడు, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తినగలిగే చోటు దొరకడం అంత తేలిక కాదు. ఒకరు పచ్చి చేప ముట్టరు, ఒకరు గుడ్డు వరకే వస్తారు, ఇంకొకరికి గొడ్డు మాంసం కూడదు, పిల్లవాడికి బంగాళాదుంప వేపుడు తప్ప మరేదీ వద్దు. ఇన్ని నియమాలున్న కుటుంబానికి, బెల్టు మీద సుషి (వెనిగర్ కలిపిన అన్నం ముద్ద మీద చేపో మరొకటో పెట్టిన వంటకం) పళ్ళేలు వచ్చే కైతెన్‌జుషి భోజనశాల జపాన్‌లోని మిగతా భోజనశాలలకన్నా బాగా సరిపోతుందని నా గట్టి నమ్మకం. అక్కడ ఒక్కో పళ్ళెంలో సాధారణంగా రెండే ముక్కలుంటాయి, ఎవరికి కావలసింది వారు తెప్పించుకుంటారు, నచ్చని పళ్ళెం ఒకటి వచ్చినా పెద్దగా నష్టం ఉండదు. అయితే ఆ సౌకర్యం పూర్తిగా దక్కాలంటే కొంత ముందుచూపు అవసరం.

ఈ పద్ధతిని మొదలుపెట్టినవారు ఒసాకా ప్రాంతంలో సుషి దుకాణం నడిపిన యోషియాకి షిరాయిషి. బీరు కర్మాగారంలో సీసాలు బెల్టు మీద వరుసగా కదిలిపోవడం చూసిన ఆయన, తక్కువ మంది పనివారితో ఎక్కువ మందికి వడ్డించే మార్గం అందులో ఉందని గ్రహించి, 1958లో నేటి హిగాషి ఒసాకా నగరంలో గెన్‌రొకు సుషి అనే దుకాణాన్ని తెరిచారు. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శన తర్వాత ఈ పద్ధతి దేశమంతటా వ్యాపించి, అంతవరకు ఖరీదైన విందుగా ఉన్న సుషిని సామాన్య కుటుంబాల ఆదివారపు భోజనంగా మార్చింది. నేటికీ శని, ఆదివారాల్లో అక్కడ కనిపించేది ఎక్కువగా పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలే కనుక, మీ పిల్లల అల్లరికి ఎవరైనా ముఖం చిట్లిస్తారేమోనన్న బెంగ పెట్టుకోనవసరం లేదు.

బయలుదేరే ముందు

మొదట ఏ రకం దుకాణానికి వెళ్ళాలో తేల్చుకోండి. సుషిరో, కురా సుషి, హమా సుషి, కప్పా సుషి వంటి సంస్థలకు దేశంలో చాలాచోట్ల శాఖలున్నాయి. వీటిలో ఆర్డర్ చేసే టచ్‌స్క్రీన్ మీద జపనీస్‌తో పాటు ఇంగ్లీషు కూడా ఉంటుంది, ప్రతి వంటకానికీ బొమ్మ ఉంటుంది, వండిన పదార్థాలు కూడా పుష్కలంగా దొరుకుతాయి. చాలాకాలం ఈ దుకాణాల్లో పన్ను కాక 100 యెన్లకు ఒక పళ్ళెం వచ్చేది. 2022 అక్టోబరులో సుషిరో, కురా సుషి రెండూ ఆ కనీస ధరను పెంచాయి, ఇప్పుడు శాఖ ఉన్న ప్రాంతాన్ని బట్టి కూడా ధర మారుతుంది. రెండో రకం, హొక్కయిదో, కనజావా వంటి చేపల రేవులకు పేరుపడ్డ ప్రాంతాల నుంచి వచ్చిన మేలు రకం దుకాణాలు. హొక్కయిదోలో పుట్టిన నెమురో హనమారు అలాంటిదే. అక్కడ సుషి చేసేవారు మీ కళ్ళెదుటే చేత్తో ముక్కలు చేసి ఇస్తారు, చేప రుచి నిస్సందేహంగా మెరుగ్గా ఉంటుంది. కానీ వండిన వంటకాలు తక్కువ, ధర ఎక్కువ, వాసబి అనే ఘాటైన ఆకుపచ్చ ముద్ద ముందే లోపల పెట్టి ఉండే అవకాశం కూడా ఎక్కువ. చిన్నపిల్లలు, పెద్దవారు కలిసి మొదటిసారి వెళ్ళేటప్పుడు మొదటి రకాన్నే ఎంచుకోండి. చేపల మీద మనసు పడ్డవారు రెండో రకానికి తర్వాత విడిగా వెళ్ళవచ్చు.

వేళ చాలా ముఖ్యం. వారాంతపు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య ముందస్తు నమోదు లేకుండా వెళితే గంటకు పైగా ఎదురుచూడవలసి రావచ్చు, ఆకలితో ఉన్న పిల్లవాడితో ఆ గంట గడపడం కష్టం. తెరిచే వేళకు, అంటే సాధారణంగా ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో, లేదా మధ్యాహ్నం రెండున్నర, నాలుగున్నర మధ్య వెళ్ళడం మంచిది. వేరే వేళకు వీలుకాకపోతే ఆ సంస్థ ఫోన్ యాప్‌లో ముందుగా వేళ నమోదు చేసుకోండి. జపాన్‌లో ఉంటున్నవారు తమ ఫోన్ నుంచి ఈ పని చేసిపెట్టడం, వచ్చిన బంధువులకు చేయగల మంచి సాయం.

ఇక అన్నిటికన్నా అవసరమైన పని ఇంట్లో కూర్చునే చేయాలి. కుటుంబంలో ఎవరెవరు ఏమేమి తినరో, ఎవరికి ఏది పడదో స్పష్టంగా అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. టచ్‌స్క్రీన్ ముందు కూర్చుని అప్పుడు అడిగితే, మొహమాటపడే అత్తగారు ‘నాకేమీ వద్దమ్మా, మీరు తినండి’ అంటారు, భోజనం పూర్తయ్యేసరికి ఆవిడ కప్పు టీతో లేస్తారు. రొయ్య, పీత, గుడ్డు, గోధుమ వంటివి పడనివారు ఉంటే, ఆ సంస్థ వెబ్‌సైటులో ఉండే అలర్జీ పట్టికను ముందుగానే చూసి, తినదగినవాటి పేర్లు గుర్తు పెట్టుకోండి. గోధుమ పడనివారు మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని మరవకూడదు.

లోపలికి వెళ్ళాక

గుమ్మం దగ్గర ఒక యంత్రం ఉంటుంది. దాని మీద భాష మార్చుకుని, పెద్దవారు ఎందరో పిల్లలు ఎందరో నొక్కి, కౌంటర్ సీటు, టేబుల్ సీటు అన్న రెండింటిలో టేబుల్‌ను ఎంచుకోండి. పసిపిల్లల కుర్చీ కావాలా అని అడిగితే కావాలని నొక్కండి. యంత్రం ఒక టోకెన్ ఇస్తుంది. మీ నంబరు తెర మీద కనిపిస్తుంది, గొంతుతో కూడా పిలుస్తారు. ఆ పిలుపు జపనీస్‌లోనే ఉండవచ్చు కనుక ఒకరు తెర మీద కన్ను వేసి ఉంచాలి. పిలిచినప్పుడు అక్కడ లేకపోతే వంతు పోయే ప్రమాదం ఉంది. చాలా శాఖల్లో మిమ్మల్ని తీసుకువెళ్ళి కూర్చోబెట్టేవారు ఉండరు. యంత్రం ఇచ్చిన చీటీలో ఉన్న టేబుల్ నంబరు చూసుకుని మీరే వెళ్ళి కూర్చోవాలి.

ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ పూట సాఫీగా గడవడం చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. టేబుల్ ఒక చివర బెల్టుకు ఆనుకుని ఉంటుంది, రెండో చివర నడవ వైపు తెరిచి ఉంటుంది. బెల్టు పక్కన ఇరువైపులా ఒక్కొక్క పెద్దవారు కూర్చోవాలి, ఎందుకంటే వచ్చిన పళ్ళేలను అందుకుని అందరికీ పంచేది వారే. వేడినీటి కుళాయి కూడా ఎక్కువగా ఆ చివరే ఉంటుంది. అయిదేళ్ళలోపు పిల్లలను ఆ కుళాయి అందని చోట, పెద్దవారి పక్కన, మధ్యలో కూర్చోబెట్టండి. ఏడెనిమిదేళ్ళ పిల్లలైతే ఒక పెద్ద మనిషి పర్యవేక్షణలో బెల్టు దగ్గర కూర్చుని పళ్ళేలు అందుకునే బాధ్యత తీసుకోగలరు, వారికి అంతకన్నా సంతోషమైన పని ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని నడవ వైపు కూర్చోబెడితే లేవడం తేలిక.

టేబుల్ మీద ఉన్నవి ఎందుకో

ఆకుపచ్చ పొడి ఉన్న చిన్న డబ్బా టీ పొడిది. కప్పులో చిన్న చెంచాతో ఒకటి రెండు సార్లు వేసి, కుళాయి మీటకు కప్పును ఆనించి నొక్కితే నీళ్ళు వస్తాయి. ఆ టీ ఉచితం, ఎన్ని కప్పులైనా తాగవచ్చు. కుళాయి నీరు దాదాపు మరిగే నీటి వేడిలో ఉంటుంది, దాన్ని చేతులు కడుక్కునే కుళాయిగా పొరబడి చేయి పెట్టే విదేశీయులు ఉన్నారు కనుక, కూర్చోగానే పిల్లలకూ పెద్దలకూ ఈ మాట చెప్పండి. చల్లటి మంచినీళ్ళు కావాలంటే చాలా శాఖల్లో ఒక మూలన యంత్రం ఉంటుంది, మీరే తెచ్చుకోవాలి.

చిన్న పెట్టెలో పలుచగా తరిగిన అల్లం ముక్కలు ఉంటాయి. తీపి, పులుపు కలిసిన వెనిగర్‌లో ఊరవేసిన ఆ అల్లాన్ని గారి అంటారు. ఒక చేప తిని మరో చేప తినే ముందు నోరు శుభ్రపడడానికి ఒక్క ముక్క నములుతారు. మనవాళ్ళకు ఇది సాధారణంగా మొదటిసారికే నచ్చుతుంది.

వాసబి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పెద్ద సంస్థల్లో ఇప్పుడు సుషి చాలావరకు వాసబి లేకుండానే వస్తుంది, కావలసినవారికి చిన్న పొట్లాలు టేబుల్ దగ్గరో బెల్టు మీదో దొరుకుతాయి. పిల్లలున్న కుటుంబానికి ఇది గొప్ప వెసులుబాటు. వాసబి ఘాటు మిరపకారంలా నాలుక మీద ఉండిపోదు, ముక్కులోకి ఎక్కి క్షణాల్లో దిగిపోతుంది. ఆవపిండిలో ఘాటుకు కారణమైన అల్లైల్ ఐసోథయోసైనేట్ అన్న పదార్థమే వాసబిలోనూ ఉంటుంది, అందుకే ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఇష్టపడే పెద్దవారు వాసబిని మొదటి పూటే ఆదరించడంలో ఆశ్చర్యం లేదు. అయితే మిరపకాయ పచ్చడి తినే ధీమాతో చెంచాడు నోట్లో వేసుకోకూడదు. బియ్యపు గింజంత తీసుకుని చేప మీద రాసుకోవాలి.

మొదటి విడత ఆర్డర్

ఒక్కసారిగా ఇరవై పళ్ళేలు ఆర్డర్ చేయకండి. ఈ మొత్తం వ్యాసంలో ఒకే సలహా పాటించగలిగితే ఇదే పాటించండి. అన్నీ ఒకేసారి వస్తే టేబుల్ మీద చోటు చాలదు, వేడిగా తినవలసినవి చల్లారిపోతాయి, చల్లగా తినవలసిన చేప వెచ్చబడుతుంది, ఎవరిది ఏదో తెలియక గందరగోళం మొదలవుతుంది. మనిషికి ఒక పళ్ళెం చొప్పున తెప్పించుకుని, అది సగం అయ్యాక తర్వాతి విడత పంపండి. పెద్ద రద్దీ లేకపోతే ఆర్డర్ చేసినది కొద్ది నిమిషాల్లోనే వస్తుంది, తొందర అవసరం లేదు.

మొదటి విడతలో పచ్చి చేప తప్పనిసరి అని ఎవరూ అనుకోకూడదు. పచ్చిది తినడానికి జంకేవారికి ముందుగా ఉడికించిన రొయ్య సుషి, నిప్పుతో పైపైన కాల్చిన సాల్మన్, తీపి సోయా పాకం పూసి కాల్చిన ఉనాగి చేప, పిండిలో ముంచి వేయించిన రొయ్య, అంటే రొయ్య తెంపురా తెప్పించండి. కోస్తా జిల్లాల చెరువుల రొయ్య రుచి తెలిసినవారికి ఉడికించిన రొయ్య పరిచయమైన మెట్టు. వీటితో వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన అన్నం రుచి నాలుకకు అలవాటు పడుతుంది. చాలామందికి మొదట కొత్తగా అనిపించేది చేప కన్నా ఆ చల్లటి తీపి పులుపు అన్నమే. దాని తర్వాత కోరిక ఉన్నవారు పచ్చి సాల్మన్‌కు వెళ్ళవచ్చు. మెత్తగా, కొవ్వుగా, వాసన తక్కువగా ఉండడం వల్ల మొదటిసారి తినేవారికి అది అనువైనది. జపాన్‌లో పచ్చి సాల్మన్‌ను సుషిగా తినడం పాత ఆచారమేమీ కాదు, 1980లలో నార్వే తన పెంపకపు సాల్మన్‌ను అక్కడ అమ్మడానికి పనిగట్టుకుని చేసిన ప్రయత్నం వల్ల వాడుకలోకి వచ్చింది. ఇప్పుడది కైతెన్‌జుషిలో పిల్లలూ పెద్దలూ ఎక్కువగా అడిగే చేపల్లో ఒకటి. ఆ తర్వాత మగురో, అంటే ట్యూనా. స్క్విడ్, ఆక్టోపస్ నమలడానికి గట్టిగా ఉంటాయి, కట్టుడు పళ్ళున్నవారికీ చిన్నపిల్లలకూ అవి వద్దు.

పచ్చి చేప క్షేమమేనా అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. సముద్రపు చేపల్లో ఉండే అనిసాకిస్ అన్న పురుగు గురించి జపాన్ ఆరోగ్య శాఖ చెప్పేదేమిటంటే, మైనస్ 20 డిగ్రీల దగ్గర 24 గంటలకు మించి గడ్డకట్టిస్తే అది చనిపోతుంది. పెద్ద సంస్థలు వాడే చేపలో చాలా భాగం గడ్డకట్టించి తెచ్చినదీ పెంపకపుదీ కావడం వల్ల ఈ ప్రమాదం తక్కువ. అయినప్పటికీ రోగనిరోధక శక్తి తగ్గినవారు, ఆ శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారు వండినవాటికే పరిమితం కావడం మంచిది. గర్భిణులకు జపాన్ ఆరోగ్య శాఖ పాదరసం కారణంగా కురోమగురో, మెబాచి అన్న ట్యూనా రకాలను, కిన్‌మెదాయ్ వంటి కొన్ని చేపలను తగ్గించి తినమని సూచిస్తుంది. లిస్టీరియా భయం వల్ల పొగపట్టిన సాల్మన్‌కు కూడా దూరంగా ఉండమంటుంది. గర్భిణికి వండిన వంటకాలు చాలినన్ని ఉన్నాయి, వాటితోనే కడుపు నింపుకోమనండి.

శాకాహారులకు

ఇక్కడ మెత్తగా చెప్పడం కన్నా నిజం చెప్పడం మేలు. చేప వాసన, ఒకే వంటగది, ఒకే నూనె, ఒకే చేతులు అన్నవి కుదరని నియమమున్న పెద్దవారిని ఇక్కడికి తీసుకురాకండి. ‘అక్కడ మీకూ ఏదో ఒకటి ఉంటుందిలెండి’ అని నచ్చజెప్పి తీసుకువచ్చి, ఆ తర్వాత తిన్నదాంట్లో చేప రసం ఉందని తెలిసేలా చేయడం వారి నియమాన్ని అగౌరవపరచడమే అవుతుంది. టోక్యోలో నిషి కసాయి వంటి భారతీయులు ఎక్కువగా ఉండే చోట్ల మన భోజనం దొరుకుతుంది, ఆ పూట అక్కడికి వెళ్ళండి.

పక్కవారు చేప తింటున్నా అభ్యంతరం లేని శాకాహారులకు మాత్రం దారి ఉంది. అసలు చిక్కు దాషితో వస్తుంది. ఎండబెట్టిన చేప తురుమును, సముద్రపు నాచును నీటిలో వేసి తీసే ఆ రసం జపాన్ వంటకు మూలాధారం, చేప ముక్క ఎక్కడా కనిపించకపోయినా వంటకంలో అది ఉంటుంది. మిసో సూప్, ఊదోన్ నూడుల్స్ పులుసు, చవాన్‌ముషి అన్న గుడ్డు వంటకం ఇలాంటివే, చవాన్‌ముషిలో రొయ్యో కోడిమాంసమో కూడా ఉంటుంది. పసుపుగా కనిపించే గుడ్డు అట్టు సుషిలో, వేయించిన టోఫు (సోయా పనీరు) తియ్యటి సంచిలో అన్నం కూరిన ఇనారిలో కూడా దాషి ఉండడం మామూలే. టేబుల్ మీది సోయా సాస్‌లో సైతం కొన్ని సంస్థలు దాషి కలుపుతాయి. మొక్కజొన్న గింజలున్న గున్‌కాన్ (అన్నం ముద్ద చుట్టూ ఎండు నాచు కట్టి పైన ఏదైనా పోసే సుషి) శాకాహారంలా కనిపిస్తుంది, కానీ అందులో మయోనీస్‌తో పాటు డబ్బా ట్యూనా కలిపే దుకాణాలు కూడా ఉంటాయి.

కాబట్టి నమ్మదగినవాటితో మొదలుపెట్టండి. దోసకాయ ముక్కను అన్నంలో పెట్టి నోరి అనే ఎండు సముద్రపు నాచు చుట్టిన కప్పామాకి అన్నిటికన్నా సురక్షితం. ఉప్పుతో ఉడికించిన పచ్చి సోయా కాయలు, ఎదమామె అంటారు, మన ఉడికించిన వేరుశనగకాయల్లా ఒలుచుకుని తినవచ్చు. ముల్లంగి ఊరగాయ పెట్టిన చుట్టలు కొన్ని చోట్ల ఉంటాయి, కానీ ఊరగాయలోనూ దాషి ఉండవచ్చు. పాకం పట్టిన చిలగడదుంప ముక్కలు, పండ్లు దొరికితే తెప్పించండి. బంగాళాదుంప వేపుడు చేప వేయించిన నూనెలోనే వేయించే అవకాశం ఉంది, అది అభ్యంతరమో కాదో తినేవారే నిర్ణయించుకోవాలి. జెల్లీలు, పుడ్డింగుల్లో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉండవచ్చు. సందేహం వస్తే పనివారిని పిలిచి, వంటకం బొమ్మ చూపించి, ‘దాషి హాయిత్తె ఇమాసు కా’ అని అడగండి, ఇందులో దాషి ఉందా అని దాని అర్థం. ‘శాకాహారి’ అని చెప్పి ఊరుకుంటే చేప రసం పరవాలేదని అనుకునే అవకాశం ఎక్కువ. వీటితో పూర్తి భోజనం కాదని గుర్తుంచుకుని, శాకాహారులకు ఇంటి దగ్గర ముందే ఏదైనా పెట్టి తీసుకురండి. పసిపిల్లల ఆహారం తప్ప బయటి తిండి టేబుల్ మీద పెట్టడం అక్కడ కూడదు. సంచిలోంచి పులిహోర డబ్బా, ఆవకాయ సీసా తీయవద్దని పెద్దవారికి ముందే మర్యాదగా చెప్పాలి.

గొడ్డు మాంసం, పంది మాంసం తినని కుటుంబాలు ఇంకో సంగతి చూసుకోవాలి. అన్నం మీద చిన్న హాంబర్గ్ ముక్క పెట్టిన సుషి పిల్లల కంటికి ఆకర్షణగా ఉంటుంది, దానిలో సాధారణంగా ఈ రెండు మాంసాలే ఉంటాయి. కాల్బి అని రాసి ఉంటే సాధారణంగా గొడ్డు మాంసమే. ఆర్డర్ చేసే పని పిల్లల చేతికి ఇచ్చినప్పుడు ‘పంపు’ అన్న మీట మాత్రం పెద్దవారే నొక్కాలన్న నియమం పెట్టుకుంటే ఈ పొరపాట్లు జరగవు.

బెల్టు దగ్గర మర్యాద

2023 జనవరిలో గిఫు నగరంలోని ఒక శాఖలో ఒక కుర్రవాడు అందరూ వాడే సోయా సాస్ సీసాను నాకి, బెల్టు మీద వెళుతున్న సుషిని తడి వేలితో తాకుతున్న వీడియో జపాన్ అంతటా కలకలం రేపింది. ఆ తర్వాత చాలా సంస్థలు సుషిని ఊరికే తిప్పడం మానేసి, ఆర్డర్ చేసినది మాత్రమే నేరుగా ఆ టేబుల్‌కు పంపే పద్ధతికి మారాయి. కురా సుషి మాత్రం పారదర్శకమైన మూతలున్న పళ్ళేలను తిప్పుతూనే ఉంది. ఈ నేపథ్యం తెలిస్తే, అక్కడివారు కొన్ని నియమాలను ఎందుకంత పట్టుదలగా పాటిస్తారో పిల్లలకు వివరించడం తేలికవుతుంది.

బెల్టు మీంచి తీసిన పళ్ళేన్ని మళ్ళీ బెల్టు మీద పెట్టకూడదు, తినకపోయినా అది మీదే. ఖాళీ పళ్ళెం కూడా పెట్టకూడదు. పక్క టేబుల్ వారు ఆర్డర్ చేసినది మీ ముందు నుంచి వెళుతుంటే తాకకూడదు. మీది వస్తున్నప్పుడు తెర మీద సూచన కనిపిస్తుంది, శబ్దం వస్తుంది, అప్పుడు మాత్రమే చేయి చాపాలి. మూత ఉన్న పళ్ళెమైతే మూతను పట్టుకోకుండా పళ్ళెం అంచును కొద్దిగా పైకెత్తి లాగితే మూత దానంతట అదే తెరుచుకుంటుంది. కొన్ని దుకాణాల్లో రైలు ఆకారపు బండి మీద పళ్ళేలు వస్తాయి, అన్నీ తీసుకున్నాక మీట నొక్కితే బండి వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ మీట నొక్కే పని ఇంట్లో అందరికన్నా చిన్నవాడికి వదిలిపెట్టండి.

తినే తీరు

చాప్‌స్టిక్స్ పట్టడం రానివారు చేత్తో తినవచ్చు, సుషిని చేత్తో తినడం జపాన్‌లో తప్పు కాదు. ముక్కను కొద్దిగా పక్కకు వంచి, చేప వైపు మాత్రమే సోయా సాస్ తాకించాలి. అన్నాన్ని ముంచితే అది విడిపోతుంది, ఉప్పు కూడా మితిమీరుతుంది. చుట్టూ నోరి కట్టి పైన చేప గుడ్లు పోసిన గున్‌కాన్‌ను వంచితే గుడ్లు రాలిపోతాయి, దానికి అల్లం ముక్కను సాస్‌లో తడిపి పైన అద్దుతారు. రక్తపోటు ఉన్నవారు సాస్ చాలా కొద్దిగా వాడాలి, ఎందుకంటే అన్నంలోనూ అల్లంలోనూ ఇప్పటికే ఉప్పు ఉంది. ముక్క ఒకే ముద్దగా తినేది, కానీ పిల్లలకూ పెద్దవారికీ అది పెద్దదవుతుంది, రెండు ముక్కలు చేసి పెట్టడానికి సంకోచించకండి. చాలా శాఖల్లో ‘అన్నం తక్కువ’ అన్న ఎంపిక కూడా తెర మీద ఉంటుంది.

రెండు మూడేళ్ళలోపు పిల్లలకు పచ్చి చేప పెట్టకుండా ఆగే తల్లులు జపాన్‌లోనే చాలామంది ఉన్నారు. ఆ వయసు పిల్లలకు దోసకాయ చుట్ట, ఉడికించిన రొయ్య, ఊదోన్ చాలు. పిల్లల చెంచా, గిన్నె అడిగితే ఇస్తారు. కురా సుషిలో ఖాళీ పళ్ళేలను టేబుల్ అంచున ఉన్న రంధ్రంలో వేస్తే లెక్క దానంతట అదే పడుతుంది, అయిదు పళ్ళేలకు ఒకసారి తెర మీద ఆట మొదలై, గెలిస్తే చిన్న బొమ్మ ఉన్న గుండ్రటి డబ్బా పడుతుంది. గెలవకపోవచ్చునని పిల్లలకు ముందే చెప్పండి, ఆట కోసం ఎవరికీ అక్కర్లేని పళ్ళేలు తెప్పించవద్దు. సూప్ గిన్నెలు, మూతలు, పేపర్లు ఆ రంధ్రంలో వేయకూడదు.

బిల్లు, తిరిగి వెళ్ళడం

పెద్దవారు ఒక్కొక్కరు ఎనిమిది పది పళ్ళేలు, కొన్ని పక్క వంటకాలు తింటే మనిషికి 1,500 నుంచి 2,000 యెన్ల ప్రాంతంలో అవుతుందని అంచనా వేసుకోండి. చాలా దుకాణాల్లో పళ్ళెం రంగును బట్టి ధర ఉంటుంది. సుషిరోలో పసుపు పళ్ళెం చౌకైనది, ఎరుపు, నలుపు దానికన్నా ఎక్కువ. తిన్న పళ్ళేలను రంగుల వారీగా పేర్చి ఉంచితే లెక్కించేవారికి తేలిక. తెర మీద ఇప్పటివరకు అయిన మొత్తం ఎప్పుడైనా చూసుకోవచ్చు, బంధువుల ముందు ధరల గురించి మాట్లాడడం ఇష్టంలేనివారికి ఇది ఉపయోగం.

తినడం పూర్తయ్యాక తెర మీద బిల్లు మీట నొక్కాలి. కొన్ని చోట్ల పనివారు వచ్చి పళ్ళేలు లెక్కపెడతారు, కొన్ని చోట్ల యంత్రమే లెక్కిస్తుంది. తర్వాత టేబుల్ నంబరున్న చీటీ లేదా బిళ్ళ తీసుకుని గుమ్మం దగ్గరి యంత్రంలో నగదుగానో కార్డుతోనో కట్టాలి. బిల్లు ఎవరు కట్టాలన్న వాదన ఉంటే టేబుల్ దగ్గరే తేల్చుకోండి, ఆ యంత్రం ముందు మీ వెనుక వరుస ఉంటుంది. టిప్పు ఇవ్వకూడదు, బల్ల మీద డబ్బు వదిలితే మరచిపోయారనుకుని వెంట పరిగెత్తుకు వస్తారు.

మిగిలిన సుషిని డబ్బాలో కట్టి ఇవ్వమని అడగకండి, పచ్చి చేప కనుక సాధారణంగా ఒప్పుకోరు. ఇంటి దగ్గర ఉండిపోయినవారికి తీసుకువెళ్ళాలంటే విడిగా పార్సెల్ ఆర్డర్ చేయండి. అక్కడే తింటే 10 శాతం పన్ను, పార్సెల్‌కు 8 శాతం. దారి దూరమైతే ఐస్ పొట్లం అడిగి పెట్టించుకుని, డబ్బా మీద రాసిన వేళలోపు తినిపించాలి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి దాచవద్దు, అన్నం గట్టిపడుతుంది, చేప క్షేమం గురించి కూడా హామీ ఉండదు.